ఎడమ పక్క సీటు

సీటు మీద బొంత మళ్ళీ జారింది. సరోజినీదేవి ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని కాస్త పైకి లేచి, రెండో చేత్తో బొంతను వెనక్కి నెట్టి సర్దుకుంది. లారీ ఆగే ఉంది, ఇంజను ఎప్పుడో ఆపేసింది, అయినా స్టీరింగు మీద చెయ్యి తియ్యబుద్ధి కావడం లేదు, తీస్తే ఎవరో వచ్చి నువ్వు దిగమ్మా అంటారేమోనని. అంటే బాగుండునని కూడా. తిరువూరు మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు రేకుల షెడ్డు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ముందు మోటారు సైకిళ్ళు, తర్వాత ఆటోలు, కార్లు, అందరి పనీ అయ్యాక లారీలు. పొద్దున ఇడ్లీ తిని వచ్చిన మనుషులకు ఎండ మాడు మీదికొచ్చింది. నేల మీద సున్నంతో గీసిన ఎనిమిది అంకె చుట్టూ ఒకతను మోటారు సైకిలు తిప్పుతూ కాలు కింద పెట్టాడు, జనం గొల్లుమన్నారు, అంతలోనే ఆ జనం చూపు మళ్ళీ ఇటు తిరిగింది. ఆడమనిషి లారీ తోలుతుందట. చీర మీద మొగుడి ఖాకీ చొక్కా తొడుక్కుందట. చూడనీ, చూస్తే అరిగిపోదు కదా. వీధిలో నాగేంద్రమ్మ అననే అంది, "ఏంటమ్మా సరోజినీ, గరిటె తిప్పే చెయ్యి స్టీరింగు తిప్పుద్దా?" అని. తిప్పింది. భుజాలు వాచి, జాకెట్టు చేతులు పైకి రాక, కూతురు రుచిత చేత లాగించుకుని ఏడ్చిన రోజులున్నాయి, ఆ పిల్ల ఇంటరు పుస్తకం పక్కన పడేసి కొబ్బరినూనె రాస్తూ "మనకెందుకమ్మా ఇదంతా" అన్న రోజులున్నాయి. అయినా తిప్పింది.

ఎడమ పక్క సీటు ఖాళీగా ఉంది. అందులో ఆయన లేకుండా ఈ లారీలో కూర్చోవడం ఇదే మొదలు. టెస్టు వేళ పక్కన ఇన్‌స్పెక్టరు తప్ప మరొకరు ఉండకూడదన్నారని ఆయన దిగి వెళ్ళి ప్రహరీ గోడ పక్కన నిలబడ్డాడు, ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి రాయప్ప భుజం మీద. ఆయనంటే దశరథరామయ్య, ఊరందరికీ లారీ రామయ్య, సరోజినికి మొగుడు, ఏడాదిగా ఈ విద్యకు గురువు. రెండు కళ్ళూ కనపడవు. రాయప్ప ఆయన స్నేహితుడు, తనూ లారీ డ్రైవరే, లైసెన్సు లేని మనిషి పక్కన లైసెన్సున్న మనిషి ఉండి తీరాలని సర్కారు వారు పెట్టిన నియమం కోసం ఏడాదిగా తన పనులు మానుకుని రెండు సీట్ల మధ్య ఇంజను పెట్టె మీద కూర్చుని, చెయ్యి హ్యాండు బ్రేకుకు దగ్గరగా పెట్టుకుని, నోరు మెదపకుండా వీళ్ళతో తిరిగాడు. సీటు రెక్సిను రామయ్య కూర్చున్న మేర గుంట పడి ఉంది. ఆ గుంటలో ఇప్పుడు ఎండ పడుతోంది. చూడకూడదనుకుంది, మళ్ళీ చూసింది.

రామయ్యకు షుగరు. అదేం రోగమో కూడా సరిగ్గా తెలియలేదు మొదట్లో. జగదల్‌పూర్ దారిలో ఎక్కడెక్కడి చెరువు గట్ల మీదో అన్నం వండుకుని తింటూ, మాత్రలు వేసుకున్నారా అంటే వేసుకున్నాననేవాడు, వేసుకునేవాడు కాదని తర్వాత చొక్కా జేబుల్లో రేకులకు రేకులు దొరికాయి. ఒకనాడు సాయంత్రం లారీ ఇంటి ముందు ఆపి, దిగకుండానే కేకేశాడు, "సరోజా, అద్దం తుడవ్వే, అంతా మసకమసగ్గా ఉంది." ఆమె బక్కెట్టు తెచ్చి బానెట్టు మీదికెక్కి తుడిచింది. ఇంకా ఉందన్నాడు. మళ్ళీ తుడిచింది, పాత పంచె గుడ్డతో, కీచుమనేదాకా. అద్దం అవతల ఆయన ముఖం స్పష్టంగా కనిపిస్తోంది, కళ్ళు చికిలించి, ఆమె వైపు కాకుండా ఆమె పక్కకు చూస్తున్నాడు. అప్పుడే తెలిసింది ఆమెకు. తెలిసి కూడా మూడోసారి తుడిచింది. కంటి వెనక నరాలు చిట్లాయనీ, ఇంత ఆలస్యం ఎందుకు చేశారనీ బెజవాడలో డాక్టరు అడిగినప్పుడు ఇద్దరూ తలొంచుకున్నారు, బడిలో పిల్లల్లాగా.

"ఆటోలవ్వలేదా ఇంకా?" అని ఎవరో విసుక్కున్నారు. అవ్వలేదు. అవ్వకపోతేనేం. అరచేతుల్లో చెమట పట్టింది, ఖాకీ చొక్కా అంచుకు తుడుచుకుంది. ఎంత ఉతికినా ఈ చొక్కాకు డీజిలు వాసన పోదు. పెళ్ళయిన కొత్తలో ఆ వాసనకు తల తిప్పుకునేది, తర్వాత అదే మొగుడు ఊళ్ళో ఉన్నాడన్న గుర్తయింది. ఉండేది ఎన్నాళ్ళు గనక, వచ్చిన పూట స్నానం, భోజనం, నిద్ర, లేస్తే లోడు ఎక్కడుందన్న ధ్యాస. మాట్లాడేవాడు కాదు. చెడ్డవాడు కాదు, మాట్లాడడానికి ఇంట్లో ఆయనకేమీ కనపడేది కాదు, అంతే. కళ్ళు పోయాక జీతానికి డ్రైవర్లను పెట్టారు. ఒకడు గేర్లు అరగ్గొట్టాడు, ఇంకొకడు మైలవరం అవతల రోడ్డు పక్కన లారీ వదిలేసి ఎటో పోయాడు. ఆపైన లారీ ఇంటి ముందు నిలబడిపోయింది. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఆయన రోజూ సాయంత్రం తడుముకుంటూ వెళ్ళి క్యాబినులో ఎక్కి కూర్చునేవాడు, సరోజిని టీ పట్టుకెళ్ళి కిందినుంచి అందించేది. ఒకరోజు గ్లాసు అందుకోకుండా "ఎక్కు" అన్నాడు. ఎక్కడికండీ అంది. "ఇటు కాదు, అటు పక్క. స్టీరింగు దగ్గరికి. వినగడపలో మీ నాన్న ట్రాక్టరు తోలినదానివి కాదా నువ్వు?" ఆమె నవ్వింది, అది చిన్నప్పుడు, దుక్కిలో, చూసేవాళ్ళు కొంగలు తప్ప ఎవరూ లేరు. "దుక్కిలో తిన్నగా తోలినదానికి రోడ్డు ఒక లెక్కా" అన్నాడు ఆయన. ఆ మాటకు ఏం సంతోషం కలిగిందో. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఎదిగిన కూతురున్న మనిషి, ఎవరో మెచ్చుకున్నట్టు పొంగిపోయింది. కారు లైసెన్సు ముందు తీసుకుంది, అది లేనిదే హెవీ ఇవ్వరని. ఏడాది నిండాక ఎల్ బోర్డు రాసి లారీకి కట్టారు.

చూపు లేని మనిషి లారీ ఎలా నేర్పుతాడని అందరూ అడిగారు. చెవితో నేర్పాడు. క్లచ్చి తొక్కు, న్యూట్రల్‌లో పెట్టు, వదులు, కాస్త రేజు చెయ్యి, మళ్ళీ తొక్కు, అప్పుడు గేరు. ఈ పాత బండికి రెండుసార్లు క్లచ్చి తొక్కితే గానీ గేరు పడదు. "ఉండు, ఇంకా మూలుగుతోంది. ఊఁ, ఇప్పుడు" అనేవాడు తల ఒక పక్కకు వాల్చి, ఆయన ఇప్పుడు అన్నప్పుడు వేస్తే గేరు వెన్నలోకి కత్తి దిగినట్టు దిగేది, తన ఇష్టానికి వేస్తే గర్రుమని అరిచేది. చెవికి అందని దానికి నోరు కావాలి, ఆ నోరు సరోజిని. "చెప్పు, ముందేముంది?" ఎడమ పక్క సైకిలండీ. "ఏమన్నా మోస్తున్నాడా?" గడ్డి మోపు. "ఎంత దూరం?" రెండు కరెంటు స్తంభాలంత. "హారను కొట్టకు. కొడితే ఎవడా అని వెనక్కి తిరిగి చూస్తాడు, వాడితోపాటు మోపంతా రోడ్డు మీదికి తిరుగుద్ది. నెమ్మదిగా పోయి పక్కనుంచి దాటు." మేకలైతే ఆగిపో, ఒకటి దూకితే అన్నీ దూకుతాయి. గేదెలైతే ఆగకు, పాకుతూ పో, అవే జరుగుతాయి. అలా ప్రతిదీ పైకి చెప్పడం, ఆయన చెప్పింది చెయ్యడం, ఆ అలవాటు ఎంత ముదిరిందంటే ఇంట్లో కూర తరుగుతూ కూడా ఎడమ పక్క పిల్లి, ముందు చెంబు అని గొణిగేది, రుచిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, ఆయన అడిగేవి మారాయి. వినగడప దగ్గర కట్టలేరు చప్టా దాటుతుంటే "నీళ్ళున్నాయా?" అన్నాడు ఒకరోజు. చప్టా మీదికి వచ్చాయేమోనని అడుగుతున్నాడనుకుని లేవండీ, బాగా కిందికే ఉన్నాయి అంది. "అది కాదు, ఏ రంగులో ఉన్నాయి?" అన్నాడు. రాయప్ప ఇంజను పెట్టె మీదినుంచి తల తిప్పి అటు కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. మట్టి రంగేనండీ, ఒడ్డున మాత్రం పచ్చగా ఉన్నాయి, ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి పిండుతున్నారు, చెరో కొస పట్టుకుని, చిన్నామె బలం చాలక ముందుకు తూలుతోంది, అని చెప్పింది. ఆయన నవ్వాడు. నిజంగా నవ్వాడు, పళ్ళు కనపడేట్టు. ఆ రోజునుంచి సరోజిని లారీ నేర్చుకోవడానికి కాదు తోలింది. పని లేకపోయినా నెమలి ఊరి మీదుగా తిప్పింది, గుళ్ళో జనం ఎంతమంది ఉన్నారో, పూలకొట్టు దగ్గర చామంతులు ఏ రంగువో చెప్పడానికి. రెడ్డిగూడెం వైపు తిప్పింది మామిడి తోటల కోసం. అక్కడ ఒకప్పుడు వాళ్ళదైన తోట, ఈ లారీ కొనడానికి అమ్మేసిన తోట, కొన్నవాళ్ళు చెట్లన్నీ కొట్టించేసి ఖాళీగా ఉంచారు, మొద్దులు మాత్రం మిగిలాయి. "మన చెట్లు పూసినయ్యా?" అన్నాడు. పూశాయండీ, పూతలో ఆకు కనపడటంలేదు, అంది. ఆయన కిటికీ వైపు తిరిగి గాలి పీల్చాడు. తర్వాత అద్దం పైకెత్తేసి "ఊఁ, పోనీ" అన్నాడు. ఆ ఒక్కటే అబద్ధం. మిగతావన్నీ ఉన్నవే చెప్పింది, ఉన్నవాటిలో బాగున్నవి ఏరి.

ఇంత కాలం కాపురంలో మాట్లాడుకోనివన్నీ ఈ ఏడాదిలో ఈ క్యాబినులో మాట్లాడుకున్నారు. ఒప్పుకోవడానికి సిగ్గేమిటి, ఎవరూ వినడం లేదు కదా, ఆయనకు చూపు పోయాకే తనకు మొగుడు దొరికాడు. దేవుడు వింటే కళ్ళు పోతాయి అనుకుని ఉలిక్కిపడింది. కళ్ళు పోయేవి పోనే పోయాయి, ఇంకేం పోతాయి.

పోయేది ఉంది. ఇవాళ పాసైతే పోతుంది. జోజప్ప అని, రామయ్యకు లారీ నేర్పిన ఉస్తాదు, ఇప్పుడు లేడు, తన శిష్యులందరికీ పెట్టిన పద్ధతి ఒకటుంది. లైసెన్సు చేతికి వచ్చిన రోజున గురువు లారీ దిగుతాడు, శిష్యుడు పెట్టిన కొత్త తువ్వాలు భుజాన వేసుకుంటాడు, ఇక ఆ శిష్యుడు తోలే బండి ఏనాడూ ఎక్కడు. ఎంత బతిమాలినా ఎక్కడు. మొన్న అన్నం తింటూ రామయ్య అదే మాట చెప్పాడు, "తువ్వాలు కొనిపెట్టు, మంచిది, చేనేతది." ఆమె నవ్వులాట అనుకుంది. ఏవండీ, మీరు చూపున్న మనిషా పద్ధతులు పట్టుకుని వేళ్ళాడటానికి, అందామనుకుని ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది, మెతుకులతో సహా మింగింది. "నవ్వులాట కాదే" అన్నాడు ఆయన, కంచంలో పచ్చడి ఎక్కడుందో వేలితో వెతుక్కుంటూ. "పక్కన నేనుంటే నీ చెయ్యి నన్ను చూసుకుంటది, రోడ్డుని చూసుకోదు. నేర్చుకునేటప్పుడు సరే. లోడు ఎత్తుకుని పోయేటప్పుడు అది కుదరదు. లైసెన్సు వచ్చేదాకే నేను." అంత మామూలుగా అన్నాడు. రేపటినుంచి రాయప్పో, మరో క్లీనరో ఆ గుంటలో కూర్చుంటారు, ఆయన వరండాలో మంచం మీద కూర్చుంటాడు, రుచిత కాలేజీకి పోయేలోపు పేపరు గబగబా చదివి పెడుతుంది, గేటు చప్పుడైతే ఎవరది అంటాడు, ఎవరూ కాకపోతే ఊరుకుంటాడు. తనెక్కడో సత్తుపల్లి అవతల రోడ్డు మీద గడ్డి మోపును చూస్తుంది, చెప్పడానికి ఎవరూ ఉండరు. పాసవ్వాలి, ఇల్లు నడవాలి, పిల్ల చదవాలి, లారీ కదలకపోతే ఏదీ కదలదు, అది తనకు తెలియదా. తెలుసు. తెలిసినదంతా ఒక పక్క, ఈ గుంట పడ్డ రెక్సిను సీటు ఒక పక్క.

"లారీ, లారీ! ఎవరిది లారీ?" కేక. ఇన్‌స్పెక్టరు గారు లేచి వస్తున్నారు, చేతిలో అట్ట, నుదుటి మీద చేతిరుమాలు. తలుపు తీసి పైకి చూసి, ఒక్క క్షణం ఆగి, "మీరేనా అమ్మా?" అన్నారు. నేనేనండి. ఎక్కి ఆ గుంటలో కూర్చున్నారు. గుంట ఆయనకు సరిపోలేదు, అటూ ఇటూ కదిలారు. సరోజినికి ఆ కదలడం మీద కోపం వచ్చింది, ఎవరి మీద కోపమో తెలియని కోపం. తాళం తిప్పింది. ఇంజను లేచింది. గోడ పక్కన ఆయన తల ఒక పక్కకు వాలడం అద్దంలో కనిపించింది.

మొదటి గేరు. రెండు. గేరు మెత్తగానే దిగింది. యార్డు చుట్టూ మట్టి దారి, ఎడమ పక్క ఆటో అండి, ముందు గుంట, దాని అవతల కుక్క పడుకుని ఉంది, "ఎవరికమ్మా చెప్తున్నారు?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. నాలిక కరుచుకుంది. అలవాటండి, సార్, అంది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, "సరే, ఈసారికి లోపల చెప్పుకోండి" అన్నారు, మర్యాదగానే. లోపల చెప్పుకోవడం ఎలాగో ఆమెకు తెలియలేదు. నోరు మూసుకుంది. కుక్క లేచి పోయింది, గుంట పోయింది, పక్క రోడ్డులోంచి ట్రాలీ రిక్షా వచ్చింది, ఆగింది, పోయింది, ఏదీ ఎవరికీ చెప్పకుండానే పోయింది. రివర్సు చెయ్యమన్నారు, చేసింది, రెండు డ్రమ్ముల మధ్యకు, తాకకుండా. బాగుంది అన్నారు. ఇంత తేలికా? ఏడాది పాటు ఇద్దరు మనుషులు కలిసి చేసిన పని ఒక్క మనిషి నోరు మూసుకుని చెయ్యగలదా? చెయ్యగలదు. అదే భయమేసింది ఆమెకు.

చివరిది ఎత్తు. యార్డు నుంచి రోడ్డు మీదికి ఎక్కే కట్ట, మట్టి గట్టిగా దిమ్మిస కొట్టి ఉంది. సగం ఎక్కాక ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ లేపాలి. ఆపింది. హ్యాండు బ్రేకు వేసింది. "ఊఁ, లేపండి" అన్నారు. ఇది ఆమెకు కొట్టిన పిండి, వినగడప చప్టా ఎత్తు మీద ఎన్నిసార్లు చేసిందో. క్లచ్చి నెమ్మదిగా వదులుతూ, ఇంజను గొంతు కిందికి దిగి బండి ముందుకు లాగినట్టవగానే బ్రేకు వదలాలి, అంతే. గొంతు దిగింది. బండి లాగింది. అప్పుడు కుడి పక్క అద్దంలో ఆయన కనిపించాడు. రాయప్ప భుజం వదిలేసి రెండడుగులు ముందుకొచ్చాడు, మెడ చాచి, నోరు కొంచెం తెరిచి, ఎండ నేరుగా కళ్ళలో పడుతున్నా రెప్ప వెయ్యకుండా. ఆ ముఖంలో ఎంత ఆశ. ఆమె ఎడమ కాలు పైకి లేచింది. లేచిందనుకోవాలా, లేపిందనుకోవాలా. లారీ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. బ్రేకు తొక్కింది. "పర్లేదమ్మా, కంగారు పడకండి, ఇంకోసారి" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఇంకోసారి ఇచ్చాడు దేవుడు. తాళం తిప్పింది, క్లచ్చి వదులుతూ వచ్చింది, గొంతు దిగింది, ఇప్పుడు, అని లోపల ఆయన గొంతే పలికింది. ఈసారి అనుమానం లేదు, ఆమే లేపింది కాలు, వచ్చే నెల దాకా, ఒక్క నెల, కట్టలేటి నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో ఇంకో నెల చెప్పడానికి. లారీ మళ్ళీ కుదిపి ఆగింది. యార్డంతా నిశ్శబ్దంగా అనిపించింది, నిజానికి అటు జనం నవ్వుతూనే ఉన్నారు. "అన్నీ బాగా చేశారు కదమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, నిజంగా బాధపడుతూ. "వచ్చే నెల రండి." దిగిపోయారు.

లారీ కిందికి తెచ్చి గోడ పక్కన ఆపింది. దిగింది. ఎత్తు మీద ఆగిపోయిందండీ, అని చెప్పింది, ఎంత మామూలుగా చెప్పాలనుకుందో అంత మామూలుగా రాలేదు. రాయప్ప నేల చూశాడు. రామయ్య, "మొదటిసారి తప్పు పోయిందనుకున్నా" అన్నాడు. "రెండోసారి క్లచ్చి నెమ్మదిగా వదులుతా వచ్చావు, సరిగ్గా అందింది, అందాక ఒక్కసారిగా కాలు తీసేశావు. చప్టా ఎత్తు మీద ఒక్కనాడు తప్పనిదానివి. నాకు కళ్ళే పోయినయ్ సరోజా." ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నా కోసం ఆపావా?" మీ కోసం కాదండీ, నా కోసమే ఆపాను అని చెప్పాలంటే ఆ యార్డు మధ్యలో, అంతమంది మొగవాళ్ళలో, మాట ఎలా వస్తుంది. "ఇవాళ మొగుడి కోసం బండి ఆపావు. రేపు లోడు మీద ఉన్నప్పుడు మొగుడేమన్నా అంటాడని ఇటు తిరుగుతావు, ఎవడి మీదికో ఎక్కిస్తావు. ఏడాది తోలించి నేను నేర్పింది ఇదా?" కర్ర నేల మీద ఆనించి తిరిగాడు. "నేను దిగిపోయా. లైసెన్సు వచ్చే నెల తెచ్చుకుంటావో, ఎప్పటికి తెచ్చుకుంటావో నీ ఇష్టం. ఇంక నేనెక్కను."

ఏవండీ, ఎండలో ఎట్టా పోతారండీ, రాయప్పన్నా, నువ్వన్నా ఆయనతో పో, అంది ఆమె. రాయప్ప కదిలాడు. రామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు బండెక్కరా. ఎల్ బోర్డు బండి. పక్కన లైసెన్సున్నోడు లేకుండా ఆవిడ రోడ్డెక్కకూడదు." అప్పుడర్థమైంది సరోజినికి తను ఏం చేసిందో. పాసై ఉంటే రాయప్ప ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాడు. తను పాసవ్వలేదు కాబట్టి రాయప్ప తన పక్కన కూర్చోవాలి, ఆయన ఒక్కడే నడవాలి. కర్రతో గోడ తడుముకుంటూ గేటు వైపు వెళ్ళిపోతున్నాడు, గేటు ఉన్న చోట గోడ అయిపోయిందని కర్ర చెప్పాక ఎడమకు తిరిగాడు, సరిగ్గానే తిరిగాడు. ఆమె అక్కడే నిలబడి ఏడ్చింది. దాచుకోలేదు. ఎవరో టీ గ్లాసులు కడుగుతున్న మనిషి చూసి, లైసెన్సు రానందుకే ఇంతగా ఏడవాలా అన్నట్టు జాలిపడ్డాడు.

"ఎంతసేపు నిలబడతావు చెల్లెమ్మా" అన్నాడు రాయప్ప. ఎక్కింది. రాయప్ప ఎడమ పక్క సీట్లో కూర్చోలేదు, ఎప్పటిలాగే ఇంజను పెట్టె మీదే కూర్చున్నాడు. కట్ట ఎత్తు ఎక్కి, సగంలో అడ్డం వచ్చిన ఆటో కోసం ఆగి, మళ్ళీ లేపింది, బండి వీసమెత్తు వెనక్కి జారలేదు. రోడ్డు మీద మధ్యాహ్నపు బస్సులు, ఎరువుల దుకాణాల ముందు దించుతున్న బస్తాలు, ఆమె అన్నీ చూస్తూ ఆయన కోసమే వెతుకుతోంది, ఎడమ అంచున, బస్తాల మధ్య, మనుషుల మధ్య. బోసుబొమ్మ సెంటరు దాటాక కనిపించాడు. తెల్ల చొక్కా వీపంతా తడిసి ఉంది. కర్ర కొసతో తారు అంచు తాకుతూ, తారు అయిపోయి మట్టి మొదలయ్యే ఆ గీత వెంబడి తలెత్తి నడుస్తున్నాడు. పక్కనుంచి స్కూటరు పోతే ఆగుతున్నాడు, పోయాక నడుస్తున్నాడు.

సరోజిని వేగం తగ్గించింది. "ఆపుతావా?" అన్నాడు రాయప్ప, చిన్నగా. ఆపితే ఎక్కడు. ఆపితే ఇంకోసారి ఆయన కోసం ఆపినట్టే. కానీ ఆపకుండా మొగుణ్ణి రోడ్డు మీద వదిలేసి ఎవరు పోతారు, ఏ ఆడది పోతుంది, ఊరంతా చూస్తుండగా. కాలు బ్రేకు మీద ఉంది. ఆయన ఆగాడు. ఎన్ని బళ్ళు పోతున్నా ఈ ఇంజను గొంతు ఆయనకు తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు. తారు దిగి మట్టిలోకి జరిగాడు, దారినపోయే ఏ మనిషైనా లారీకి జరిగినట్టే, ఇంకొంచెం జరిగి, కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి పైకెత్తి, పో, పో అని ముందుకు ఊపాడు.

ఆమె బ్రేకు మీద కాలు తీసింది. క్లచ్చి తొక్కింది, వదిలింది, మళ్ళీ తొక్కింది, మూడో గేరు వేసింది. గేరు చప్పుడు చెయ్యకుండా పడింది. ఆయన చొక్కా, ఎత్తిన చెయ్యి, కర్ర, కిటికీ పక్కనుంచి వెనక్కి వెళ్ళాయి, ఆమె తల తిప్పలేదు, రోడ్డునే చూసింది.